పై చదువుల దరఖాస్తులో బయటి సాయం మాట

ఉగాదినాటి పంచాంగ శ్రవణంలో మనవారు చెవి ఒగ్గి వినే మాటలు నాలుగు: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఈ నాలుగు మాటలూ ఈ కాలంలో మన పిల్లల పై చదువులకు కూడా చక్కగా అతుకుతవి. చదువుకు వ్యయమెంత, దానికి ఆదాయమెక్కడిది, ఆ ఆదాయం సంగతి నలుగురిలో చెప్పుకొంటే రాజపూజ్యమా, అవమానమా అన్నదే నేడు ఎన్నో ఇండ్లలో తెగని సమస్యగా ఉన్నది.

పిల్లవాడో, పిల్లో పట్టభద్రులై, పరిశోధనకో ఎం.ఎస్.కో పరదేశపు విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకొంటారు. పేరు, ఊరు, మార్కులు అన్నీ నింపిన తరువాత ఒక గడి వస్తుంది. “మీకు బయటినుంచి ధనసహాయం ఏదైనా లభించినదా? దేనికైనా దరఖాస్తు పెట్టినారా?” అని అందులో ప్రశ్న. ఆ గడి దగ్గర ఇల్లంతా ఆగిపోతుంది. “ఉన్నదని వ్రాస్తే వాళ్ళిచ్చేది మానుకొంటారేమో” అని తండ్రి. “లేదని వ్రాస్తే సీటే ఇవ్వరేమో” అని తల్లి. “ఎందుకొచ్చిన గొడవ, ఖాళీగా వదిలెయ్యండి” అని మేనమామ. ముగ్గురి మాటలోనూ కొంత న్యాయం లేకపోలేదు. అయితే ఈ ప్రశ్న మన ఇంటికి కొత్తది గాని, లోకానికి కొత్తది కాదు. నూరేండ్లకు పైగా మన దేశంనుంచి సముద్రాలు దాటి చదువుకొన్నవారు ఏదో ఒక రూపంలో దీనికి సమాధానం చెప్పవలసి వచ్చినది. వారి చరిత్ర చూస్తే మన గడి నింపడం సులువవుతుందని మాకు తోచి ఈ నాలుగు మాటలు వ్రాయబూనినాము.

మన ఊరు, మన వలస

కకిరిగుమ్మ కోరాపుట్ జిల్లాలో ఒక చిన్న ఊరు. కోరాపుట్ – రాయగడ రైలుదారిలో ఒక స్టేషను. ఆ దారి 1998 చివరకు పూర్తి అయినది. అంతకు ముందు మన పెద్దలు సాలూరు కనుమ ఎక్కి కోరాపుట్ వైపునుంచో, పార్వతీపురం మీదుగా రాయగడ వైపునుంచో ఈ కొండలలోకి వచ్చినవారే. నిజానికి వారు వచ్చిననాటికి ఇది పరరాష్ట్రం కూడా కాదు. జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కోరాపుట్ అందులో చేరినది. 1992లో కోరాపుట్ జిల్లానుంచి రాయగడ, నవరంగపూర్, మల్కనగిరి విడిపోయినవి. ఊరు కదలలేదు, మనమూ కదలలేదు. గీతలు మాత్రం కదిలినవి.

ఈ సంగతి ఇక్కడ ఎత్తడానికి కారణమున్నది. కొట్టు పెట్టుకొని వచ్చినవారి మనుమలు, సునాబెడా విమాన యంత్రాల కర్మాగారంలో చేరినవారి పిల్లలు, దామంజొడి అల్యూమినా కర్మాగారంలో పనిచేసినవారి పిల్లలు నేడు పై చదువులకు దరఖాస్తు పెడుతున్నారు. వారికి బయటి సాయం ఎక్కడినుంచి వస్తుందన్నది మామూలు ప్రశ్న కాదు. దానికి తరువాత వస్తాము. ముందు పాత కథలు.

రంగూను సొమ్ము, బోస్టను చదువు

యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినని తెలుగువారుండరు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివినారు. శస్త్రచికిత్స తరగతిలో ఖద్దరు దుస్తులు ధరించినందున ఆచార్యుల అనుగ్రహం తప్పి, ఎం.బి.బి.ఎస్. రాక, ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తి చెందవలసి వచ్చినదని చెబుతారు. తరువాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పినారు. మనసు మాత్రం అమెరికాలోని హార్వర్డు ఉష్ణమండల వైద్య పాఠశాల మీద ఉన్నది. అక్కడ చోటు దొరకడం ఒక ఎత్తు, దానికి తగిన ధనం దొరకడం మరొక ఎత్తు. ఆ రోజులలో ఓడ ప్రయాణపు ఖర్చే మధ్యతరగతి ఇంటిని తలక్రిందులు చేసేది.

ధనం రెండుచోట్లనుంచి వచ్చినది. ఒకటి మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సమకూర్చినది. రెండవది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న మాట. ఈ రెండవ దానిని మనవంటి వలసవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. సత్యలింగ నాయకరుగారు గోదావరి తీరంనుంచి రంగూనుకు వలస వెళ్ళి, అక్కడ గడించిన ధనాన్ని ధర్మానికి వ్రాసి ఇచ్చినవారు. పరాయి రేవులో తెలుగువాడు సంపాదించిన సొమ్ము, కాకినాడ మీదుగా, మరొక తెలుగువానిని మరొక పరాయి రేవుకు చేర్చినది. 1922 అక్టోబరు 26న సుబ్బారావుగారు బోస్టనులో దిగినారు.

అక్కడ ఆయనకు సుఖమేమీ లేదు. చదువుకొంటూనే ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసి పొట్ట పోసుకొన్నారు. డిప్లొమా పొంది, సైరస్ ఫిస్కె అనే ఆచార్యుని దగ్గర జీవరసాయన పరిశోధనలో ప్రవేశించినారు. 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారిద్దరూ ప్రకటించినారు. దానికి నేటికీ ఫిస్కె – సుబ్బారావు పద్ధతి అనే పేరు. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిను, ఎ.టి.పి. అనే పదార్థాలపై వారి పని ఆ దశాబ్దంలోనే వెలువడినది. 1940లో లెడర్లె ప్రయోగశాలకు వెళ్ళి, ఫోలిక్ ఆమ్లం మొదలుకొని ఎన్నో మందుల తయారీకి నాయకత్వం వహించినారు. బోదకాలుకు నేటికీ మన తీర ప్రాంతాలలో ఇంటింటా పంచే డై ఇథైల్ కార్బమజైను కూడా వారి బృందం పనిలోనిదే. 1948 ఆగస్టులో ఆయన కన్ను మూసినారు.

ఈ కథలో మన గడికి సంబంధించిన నీతి ఏమిటి? చోటు వేరు, ధనం వేరు. చోటు చదువును చూసి ఇస్తారు. ధనం ఎక్కడినుంచి వస్తుందో చెప్పుకొనగలిగితేనే ఓడ కదులుతుంది. ధర్మసంస్థ మాట చెప్పుకొన్నందువల్ల సుబ్బారావుగారి ప్రతిభకు మచ్చ రాలేదు. రాదు కూడా.

కళాశాల 60, మద్రాసు 250

రెండవ కథ మన పొరుగు తమిళ సీమది. శ్రీనివాస రామానుజంగారు 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీగారికి ఉత్తరం వ్రాసిన సంగతి జగమెరిగినది. ఆ ఉత్తరం చూసి హార్డీగారు ఆశ్చర్యపడినారు. అయితే ఆశ్చర్యంతో ఓడ టిక్కెట్టు కొనలేము గదా! ఇంగ్లండులోని అధికార కార్యాలయంలో ధనం దొరికే ఆశ కనిపించలేదు. అప్పుడు మద్రాసులో ఉపన్యాసాలకు వచ్చిన నెవిల్ అనే కేంబ్రిడ్జి గణితవేత్త మద్రాసు విశ్వవిద్యాలయంవారికి రామానుజంగారి విలువ తెలియజెప్పి, వారిచేత ఒప్పించినారు. అప్పటికే నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇస్తున్న విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌనుల వేతనం, ప్రయాణపు ఖర్చు మంజూరు చేసినది. ట్రినిటీ కళాశాల తనవంతుగా ఏడాదికి 60 పౌనులు చేర్చినది. 1914 మార్చి 17న ఆయన మద్రాసులో ఓడ ఎక్కినారు.

లెక్క చూడండి. చేర్చుకొన్న కళాశాల ఇచ్చినది 60. బయటినుంచి వచ్చినది 250. నేటి భాషలో చెప్పాలంటే రామానుజంగారిది బయటి సాయంతో వెళ్ళిన దరఖాస్తే. బయటి సాయం ఉన్నదని కళాశాల తన 60 మానుకోలేదు. ఆ 60 ఉన్నదని మద్రాసువారు తమ 250 తగ్గించలేదు. ఎవరెంత ఇస్తున్నారో ఉభయులకూ తెలుసు గనుక పేచీ రాలేదు. ఆ 250లో 50 పౌనులు ఇంటివారి పోషణకు మద్రాసులోనే చెల్లించే ఏర్పాటు కూడా జరిగినది. అంటే విద్యార్థికి చేరేదెంత, ఇంటికి చేరేదెంత అన్న లెక్క మొదటిరోజే వ్రాసుకొన్నారన్నమాట. మన ఇళ్ళలో ఈ లెక్క ఎంతమంది వ్రాసుకొంటున్నారు?

ఒడంబడిక గల సొమ్ము

బయటి సాయానికి మరొక ముఖమున్నది. డాక్టరు అంబేడ్కరుగారు 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళినది బరోడా గైక్వాడు మహారాజావారి వేతనంపైన. నెలకు పదకొండున్నర పౌనులు, మూడేండ్లు. చదువు ముగిసిన తరువాత పదేండ్లు బరోడా సంస్థానంలో కొలువు చేస్తామని ముందే ఒడంబడిక వ్రాసి ఇచ్చినారు. కొలంబియా చదువు ముగించుకొని 1916లో లండను చేరి, అక్కడ మరొక పట్టానికి పని మొదలుపెట్టినారు. వేతనం గడువు తీరినది. 1917లో చదువు సగంలో వదలి రావలసి వచ్చినది. బరోడాలో కొలువుకు చేరితే, అంటరానివాడన్న పేరున ఉండడానికి ఇల్లే దొరకలేదు. ఆ ఉద్యోగం వదలి, బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టుకొన్న సొమ్ము, స్నేహితుని వద్ద అప్పు, కొల్హాపురం సాహూ మహారాజావారి సాయం కలుపుకొని 1920లో తిరిగి లండను వెళ్ళినారు. 1923లో లండను డి.ఎస్‌సి. పట్టం పొందినారు.

ఇది చదివిన తరువాత, “సాయం వచ్చినది” అన్న ఒక్క మాటతో సంతోషించి ఊరుకోవడం తగదని తెలుస్తుంది. ఎంత, ఎన్నాళ్ళు, ఏ షరతుపైన అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లేనిదే సాయం సాయం కాదు. దరఖాస్తు గడిలో వ్రాయవలసినవి కూడా ఈ మూడే. మూడేండ్ల వేతనం ఉన్నవాడు అయిదేండ్ల పరిశోధనకు దరఖాస్తు పెట్టినప్పుడు, మిగిలిన రెండేండ్ల సంగతి విశ్వవిద్యాలయంవారు ఆలోచించుకోవలసి ఉంటుంది. వారికి ఆ సంగతి ముందు తెలియడం మనకే మేలు.

జయపురం లక్ష

మన కొండలకు దగ్గరి కథ ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు తెలుగు, ఒడియా, సంస్కృత భాషలలో పండితులు, కవులు. 1931లో గద్దెనెక్కినారు. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటేటా లక్ష రూపాయలు దానంగా ఇచ్చినారు. అక్కడి విజ్ఞాన, సాంకేతిక కళాశాలకు జయపురం విక్రమదేవ కళాశాల అని పేరు పెట్టినది అందుకే. 1936లో జయపురం ఒరిస్సాలోకి వెళ్ళినది. విశాఖపట్నం మద్రాసు రాజధానిలోనే ఉన్నది. గీత మధ్యలో పడినప్పటికీ జయపురం పేరు వాల్తేరు కళాశాల నుదుటినుంచి చెరిగిపోలేదు. మహారాజావారు 1951లో స్వర్గస్థులైనారు.

ఇక్కడ గమనించవలసిన దొకటి. బయటి సాయం తీసుకొనేది విద్యార్థి ఒక్కడే కాడు, విశ్వవిద్యాలయాలు కూడా తీసుకొంటవి. తీసుకొని, ఇచ్చినవారి పేరు గోడమీద చెక్కుకొంటవి. దాత పేరు చెప్పుకొనుట సంస్థకు గౌరవమైనప్పుడు విద్యార్థికి చిన్నతనమెట్లా అవుతుంది? సాయం పొందుట బిచ్చమెత్తుట అనే భావం మన మధ్యతరగతి ఇండ్లలో ఇంకా పోలేదు. అది పోవాలి.

ఆ వాల్తేరులోనే గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారి దారి ఇంకొక రకం. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరి, 1946లో కేంబ్రిడ్జి వెళ్ళినారు. అక్కడి మానవశాస్త్ర ప్రదర్శనశాలలో, ఆఫ్రికాలోని జెబెల్ మోయా త్రవ్వకాలలో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలు గణించే పనికి కుదురుకొన్నారు. ఆ పని చేస్తూనే రొనాల్డ్ ఫిషర్ గారి పర్యవేక్షణలో 1948లో డాక్టరేటు పొందినారు. పని ఇచ్చినవారి అక్కరే పరిశోధనకు విషయమైనది. నూరేండ్లు దాటి బ్రతికి 2023లో కీర్తిశేషులైనారు. నేడు అమెరికాలో అసిస్టెంటుషిప్పు అని మనవారు చెప్పుకొనేది ఇంచుమించు ఇటువంటిదే. పాఠం చెప్పడమో, ఆచార్యుని పరిశోధనలో చేయి వేయడమో చేసి, అందుకు ప్రతిగా ఫీజు మినహాయింపూ భత్యమూ పొందడం.

నేటి పద్ధతి

ఇక మన గడికి వద్దాము. ముందుగా తెలుసుకోవలసినది ఏమంటే, అన్ని చదువులకూ ఒకే న్యాయం లేదు. అమెరికాలో ఎం.ఎస్. చదువు సాధారణంగా సొంత ఖర్చుతో సాగేది. పిహెచ్.డి. చదువుకు మాత్రం చాలా శాఖలు సీటుతోపాటే భత్యం ఇస్తవి. అందుచేత పిహెచ్.డి. సీట్ల సంఖ్య ఎందరు యోగ్యులున్నారన్న దానిపైననే గాక, శాఖవారి చేతిలో ఎంత ధనమున్నదన్న దానిపైన కూడా ఆధారపడి ఉంటుంది. ఒక ఆచార్యుని గ్రాంటులో ఇద్దరిని పోషించే సొమ్మే ఉన్నదనుకోండి. మూడవవాడు యోగ్యుడైనా ఆయన చేర్చుకోలేడు. ఆ మూడవవాడు తన వేతనం తాను తెచ్చుకొంటున్నాడంటే తలుపు తెరుచుకొనే అవకాశమున్నది. కనుక “ఉన్నదని చెబితే నష్టం” అన్న తండ్రిగారి భయం పిహెచ్.డి. విషయంలో చాలావరకు నిరాధారం. అయితే ధనమున్నదన్న కారణంచేత చదువు చాలనివానిని ఏ మంచి శాఖా చేర్చుకోదు. ధనం తలుపు గడియ తీయగలదు గాని, ఇంట్లో పీట వేయలేదు.

ఇంగ్లండులో అనేక చోట్ల సీటు నిర్ణయం వేరు, ధన నిర్ణయం వేరు. ఆక్స్‌ఫర్డులో పై చదువుకు సీటు ఇస్తామన్న తరువాత, ఖర్చుకు ధనమున్నదని విద్యార్థి ఆర్థిక ప్రకటన సమర్పించవలసి ఉంటుంది. అమెరికాలో కూడా ఐ-20 పత్రం ఇచ్చే ముందు కనీసం మొదటి ఏడాది ఖర్చుకు ఆధారం చూపమంటారు. అంటే గడి ఈ రోజు వదిలేసినా, ఆ ప్రశ్న రేపు వేరే రూపంలో వస్తుంది. మేనమామగారి సలహా వాయిదా మాత్రమే, పరిష్కారం కాదు.

వ్రాయడం ఎట్లా అన్నది తరువాతి ప్రశ్న. మా పెద్దలూ, చదువుకొన్న పిల్లలూ చెప్పినదంతా వడకట్టి మేమిక్కడ పెడుతున్నాము.

మొదటిది, దానికి గడి ఉన్నచోట ఆ గడిలోనే వ్రాయాలి. నేనేమి చదివినాను, ఏమి పరిశోధించగోరుతున్నాను అని చెప్పుకొనే వ్యాసంలో డబ్బు మాట పెద్దగా తేరాదు. ఆ వేతనం పోటీలో గెలుచుకొన్నదైతే, యోగ్యతకు సాక్ష్యంగా ఒక్క వాక్యం చాలు.

రెండవది, వచ్చినది వేరు, రావలసినది వేరు. దరఖాస్తు మాత్రమే పెట్టి ఉంటే “దరఖాస్తు పెట్టినాను, ఫలితం ఫలానా నెలలో తెలుస్తుంది” అని వ్రాయాలి. రానిదానిని వచ్చినట్లు వ్రాయడం పంట కోయకముందే గాదె కట్టడం. ఫలితం తెలిసిననాడు, అనుకూలమైనా ప్రతికూలమైనా, శాఖకు ఉత్తరం వ్రాయాలి.

మూడవది, సంస్థ పూర్తి పేరు, మొత్తం, ఎన్నేండ్లు, ఫీజుకా భోజనవసతులకా, తిరిగి రావలసిన షరతు ఏమైనా ఉన్నదా అన్నవి స్పష్టంగా ఉండాలి. టాటాల నిధి 1892నుంచి పై చదువులకు ఇస్తున్నది ఋణంగా ఇచ్చే సాయం, దానంగా కాదు. ఋణాన్ని ఋణమనే వ్రాయాలి.

నాలుగవది, ఇంటి సొమ్మును బయటి సాయంగా చూపరాదు. పొలం అమ్మిన డబ్బు, నాయనగారి భవిష్యనిధి, బ్యాంకు అప్పు ఇవన్నీ ఆర్థిక ప్రకటనలో వ్రాసుకొనేవి. ఎవరి వద్దనో బదులు తెచ్చి నాలుగు రోజులు ఖాతాలో నిలిపి చూపే పద్ధతి కొన్నిచోట్ల ఉన్నదని వింటున్నాము. అది చట్టం దృష్టిలో మోసం. అంతేగాక, అక్కడికి వెళ్ళిన తరువాత పిల్లవానికి ఆ సొమ్ము ఉండదు. పరదేశంలో రెండవ విడత ఫీజు కట్టలేక నిలబడినవాని అవస్థ పగవానికి కూడా వద్దు.

అయిదవది, బయటి వేతనం వస్తే తాము ఇచ్చేది తగ్గించే శాఖలూ ఉన్నవి. ఆ సొమ్మును తరువాతి ఏండ్లకు జరిపి ఇచ్చే శాఖలూ ఉన్నవి. ఏది తమ పద్ధతి అని మర్యాదగా అడిగితే చెబుతారు. అమెరికాలోని చాలా పట్టభద్ర విద్యాలయాలు ఒప్పుకొన్న నియమం ప్రకారం, ధనసహాయంతో ఇచ్చిన సీటుకు ఏప్రిల్ 15లోగా జవాబు చెబితే చాలు. అడిగి తెలుసుకొనేందుకు ఆ గడువు ఉపయోగించుకోవాలి.

మన పిల్లలకు ఎవరు?

ఇప్పుడు మొదట వాయిదా వేసిన ప్రశ్న. ఫుల్‌బ్రైట్ వేతనాలు మన దేశంతో 1950 ఒడంబడికనుంచి నడుస్తున్నవి. కామన్వెల్తు వేతనాల పథకం 1959లో ఏర్పడినది. కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్డు కులాలవారికీ తెగలవారికీ విదేశ విద్యావేతనాలు ఇస్తున్నది. తెగలకు ఉద్దేశించిన పథకంలో ఏటా 20 చోట్లు. మన పక్కనే ఉండి మన కొట్లకు వచ్చే కొంధు, పరజ, గదబ బిడ్డలకు ఇది చెందవలసినది. ఈ మాట వారి చెవిని వేయడం ఇరుగుపొరుగుగా మన విధి. కొండలో చదువుకొన్న పిల్ల ఒకతె దరఖాస్తు పత్రం ముందు కూర్చొని దిక్కు తోచక ఉన్నప్పుడు, ఆ పత్రం చదివి చెప్పగల మనిషి మన వీథిలో ఉండికూడా చెప్పకపోతే, అది మన చదువుకే లోపం.

ఇక మన సంగతి. రాష్ట్రాలు ఇచ్చే విదేశ విద్యా సహాయాలకు స్థానికత ఋజువు కావాలి. మూడు తరాలుగా ఇక్కడ ఉన్నప్పటికీ, ఇంటి కాగితాలు తాతగారి ఊరిపేర ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో. అటువైపు వెళ్తే “మీరు ఇక్కడ చదవలేదు గదా” అంటారు. ఇటువైపు అడిగితే “నివాస పత్రం తెండి” అంటారు. రెండు ఇండ్ల చుట్టం ఉపవాసమున్నట్లు మన పిల్లవాడు గడి ఖాళీగా వదలవలసి వస్తున్నది. అందుకు మొదటి మందు మన చేతిలోనే ఉన్నది. పిల్లలు పదవ తరగతిలో ఉండగానే నివాస పత్రమూ, జనన పత్రమూ, కుల, ఆదాయ పత్రాలూ ఒకే పేరుతో, ఒకే అక్షరక్రమంతో సరిచేసి పెట్టుకోవడం. ఇంటిపేరు తెలుగు వరుసలో ఒకచోట, ఒడియా బడి రిజిస్టరులో మరొక వరుసలో ఉంటే, ఆ తేడా దరఖాస్తునాడు కొండంత అవుతుంది.

రెండవ మందు మన సంఘం చేతిలో ఉన్నది. సత్యలింగ నాయకరుగారు రంగూనులో ఉండి ఆలోచించగలిగినది మనం కొరాపుట్ కొండలలో ఉండి ఆలోచించలేమా? ఒక్కరు ఇవ్వలేనిది నూరుగురు కలిస్తే ఇవ్వవచ్చును. పెద్ద మొత్తం కానక్కరలేదు. దరఖాస్తు రుసుములు, పరీక్ష రుసుములు, విమాన టిక్కెట్టు – ఈ మూడింటికి సరిపడే చిన్న నిధి చాలు. భాష, కులం చూడక, ఈ కొండలలో చదివిన బిడ్డ ఎవరైనా దీనికి అర్హులు కావాలన్నది మా అభిప్రాయం. ఆ నిధి ఏర్పడినప్పుడు ఇచ్చే ఉత్తరంలో మొత్తం, కాలం, షరతు మూడూ స్పష్టంగా వ్రాసి ముద్ర వేసి ఇవ్వాలి. అప్పుడు మన పిల్లవాడు ఆ గడిలో నిస్సంకోచంగా సంఘం పేరు వ్రాసుకొంటాడు.

రామానుజంగారి కథలో ఒక మాట చెప్పక మిగిల్చినాము. 1919 జనవరిలో, ఇంగ్లండులో జబ్బుపడి ఉన్న రోజులలో, మద్రాసు విశ్వవిద్యాలయం తనకు మళ్ళీ ఏడాదికి 250 పౌనులు ఇవ్వ నిశ్చయించినదని తెలిసి, ఆయన రిజిస్ట్రారుగారికి ఉత్తరం వ్రాసినారు. తల్లిదండ్రులకు ఇచ్చే 50 పౌనులూ తన అవసరపు ఖర్చులూ పోగా మిగిలినది బీదపిల్లలకూ అనాథలకూ బడి ఫీజు తగ్గించడానికీ, పాఠశాలలకు పుస్తకాలు కొనడానికీ వినియోగించమని దాని సారాంశం. సాయం పొందినవాడు మరునాడు సాయం చేసేవాడు కావడమే ఈ వ్యవహారానికంతటికీ పరమార్థం. ఆ గడిలో సిగ్గుపడక, అబద్ధమాడక, లెక్క తప్పక వ్రాసిన పిల్లవాడు రేపు మరొకరి గడి నింపగలడు.

ఈ ఏడు దరఖాస్తులు పెడుతున్న పిల్లలందరికీ, వారితోపాటు రాత్రులు మేలుకొంటున్న తల్లిదండ్రులకూ నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఆదాయం వ్యయాన్ని మించుగాక, రాజపూజ్యం అవమానాన్ని మించుగాక.